ఫారడేకి లొంగని గ్యాసు

మూడో సెమిస్టర్ థర్మో వైవాలో సార్ నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న. వంటగ్యాసు సిలిండర్ ఊపితే లోపల ద్రవం కదులుతుంది కదా, మరి 200 బార్ ప్రెషర్‌తో నింపే సీఎన్‌జీ సిలిండర్‌లో ద్రవం ఎందుకుండదు అని. ప్రెషర్ ఇంకా పెంచితే వస్తుంది సార్ అని గట్టిగా చెప్పేశా. ఆయన నవ్వి రికార్డు మూసేశారు.

ఆ సాయంత్రం లైబ్రరీలో జవాబు వెతుకుతుంటే మైకేల్ ఫారడే దగ్గర తేలాను. అవును, మన డైనమో ఫారడేనే.

1791లో లండన్ పక్కన ఒక కమ్మరి ఇంట్లో పుట్టాడు. బడి చదువు అంతంత మాత్రం. 14 ఏళ్లకే బుక్ బైండింగ్ షాపులో పనికి కుదిరాడు. బైండింగ్‌కి వచ్చిన పుస్తకాలే చదువుకున్నాడు. 1812లో ఒక కస్టమర్ ఇచ్చిన టికెట్లతో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, ఆ నోట్స్‌ని తనే బైండ్ చేసి డేవీకి పంపాడు. మరుసటి ఏడు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ల్యాబ్ అసిస్టెంట్ అయ్యాడు.

1823లో క్లోరిన్, నీళ్లు కలిసిన స్ఫటికాల్ని గాజు గొట్టంలో పెట్టి, మూతి మూసేసి వేడి చేశాడు. లోపల నూనెలా ఏదో చేరింది. చూడ్డానికొచ్చిన ఒక డాక్టరు, గొట్టం సరిగ్గా కడుక్కోలేదని ఆటపట్టించాడట. అది నూనె కాదు, ద్రవ క్లోరిన్. వాయువు తన ప్రెషర్‌కి తనే ద్రవంగా మారింది. ఆ ప్రయోగాల్లో ఒక గొట్టం పేలి 13 గాజు ముక్కలు కళ్లలో పడ్డాయి. అదే ఏడు రాయల్ సొసైటీ సభ్యత్వానికి పేరు వస్తే, వద్దన్నది స్వయంగా డేవీ. అయినా ఎన్నికయ్యాడు.

మన వంటగ్యాసు చేసేది కూడా ఆ క్లోరిన్ చేసిన పనే. ప్రొపేన్, బ్యూటేన్ మామూలు ఉష్ణోగ్రతలోనే కాస్త ప్రెషర్‌కి ద్రవం అయిపోతాయి.

1845లో ఫారడే మళ్లీ ఈ పనికొచ్చాడు. ఈసారి డ్రై ఐస్, ఈథర్ కలిపి, వాక్యూమ్ పెట్టి మైనస్ 110 డిగ్రీల దాకా దిగాడు. చాలా వాయువులు లొంగాయి. హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్ వగైరా లొంగలేదు. వీధి దీపాల్లో వాడే బొగ్గు గ్యాసూ లొంగలేదు. అందులో మీథేన్ ఉంటుంది, కానీ హైడ్రోజన్ కూడా బోలెడు. స్వచ్ఛమైన మీథేన్ అయితే ఆ చలిలో 20 అట్మాస్ఫియర్ల లోపే ద్రవం అయ్యేది. అంత దగ్గరికొచ్చి ఆగిపోయాడు!

నన్ను కట్టిపడేసింది మాత్రం ఇంకొకటి. ఏ గ్యాసుని ఎన్ని అట్మాస్ఫియర్ల దాకా నొక్కినా లొంగలేదో అంకెలతో సహా అచ్చేయించాడు. ఒక హద్దు దాటిన వేడిలో ఎంత నొక్కినా లాభం లేదేమో, ఇంకా చల్లబరచాలేమో అని అనుమానం కూడా రాసి పెట్టాడు. 1867లో చనిపోయాడు. రెండేళ్లకే థామస్ ఆండ్రూస్ ఆ హద్దుకి క్రిటికల్ టెంపరేచర్ అని పేరు పెట్టాడు. మీథేన్‌కి అది మైనస్ 82 డిగ్రీల చుట్టూ. సార్ ప్రశ్నకి జవాబు అదే: మన ఎండల్లో సీఎన్‌జీని ఎంత నొక్కినా గ్యాసే.

అందుకే ఎల్‌ఎన్‌జీ దారి వేరు. ముందు నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ తీసేస్తారు, లేదంటే గడ్డకట్టి పైపులు మూసుకుపోతాయి. తర్వాత మైనస్ 162 డిగ్రీలకి చల్లబరుస్తారు. అప్పుడు మామూలు వాతావరణ పీడనంలోనే ద్రవంగా ఉంటుంది, ఘనపరిమాణం దాదాపు 600వ వంతుకి తగ్గుతుంది. పైప్‌లైన్ వేయలేని సముద్రాలని ఓడలో దాటించి, దిగాక మళ్లీ వేడిచేసి గ్యాసుగా పంపుతారు. 1959లో మీథేన్ పయొనీర్ అనే ఓడ ఇలాంటి సరుకుతో అమెరికాలోని లేక్ చార్లెస్ నుంచి అట్లాంటిక్ దాటింది. అది ఆగింది ఎక్కడో తెలుసా? థేమ్స్ నది ముఖద్వారంలోని కాన్వే ఐలాండ్‌లో. అంటే ఫారడే ఊరి నది మీదే!

పోయిన నెల హీట్ ట్రాన్స్‌ఫర్ ల్యాబ్‌లో మా బ్యాచ్ రీడింగులు పుస్తకంలో విలువకి దరిదాపుల్లో కూడా లేవు. సీనియర్ రికార్డు పక్కనే ఉంది, ఎప్పుడూ చేసే పనే. ఈసారి మాత్రం వచ్చిన అంకెలే వేసి, ఎక్కడ తేడా వచ్చి ఉంటుందో కింద రెండు లైన్లు రాశాను. రెండు మార్కులు పోయాయి. ఆ రెండు లైన్ల పక్కన మాత్రం సార్ ఎర్ర పెన్నుతో టిక్ పెట్టారు.