పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ

హైదరాబాదు నగరమునకు పడమట జూబిలీ హిల్స్ అను గుట్టల ప్రాంతము కలదు. తెలుగు చలనచిత్రసీమకు నెలవైన ఫిల్మ్ నగర్ దాని ప్రక్కనే యున్నది. ఆ గుట్టల దిగువన, పూర్వము గోలకొండ కోటకు నీరందించిన దుర్గం చెరువు ఒడ్డున వేకువనే నిలిచి చూచినచో, తెల్లని కొంగలు నీటి అంచున కదలక మెదలక చేపపిల్లలకై పొంచియుండుట కానవచ్చును. నల్లని ముక్కు, నల్లని కాళ్లు, పసుపుపచ్చని వ్రేళ్లు కలది చిన్న తెల్లకొంగ. పచ్చని ముక్కుతో మేయు పశువుల వెంట నడచుచు, గడ్డినుండి లేచు మిడుతలను పట్టి తినునది వేరొక జాతి. కొంగలన్నియు ఒక్కటే యని తలచువారికి ఇట్టి భేదములను తెలిపి, ఈ దేశమున వేలకొలది జనులకు పక్షులను చూచుట నేర్పినవాడు సలీం అలీ. ఆయన చేపట్టిన తొలి ప్రాంతీయ పక్షి పరిశోధనకు హైదరాబాదు రాజ్యమే రంగమైనది.

సలీం అలీ 1896 నవంబరు 12వ తేదీన బొంబాయిలో జన్మించెను. పసితనముననే తల్లిదండ్రులను కోల్పోగా మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఆతనిని పెంచెను. మేనమామ ఇచ్చిన గాలితుపాకితో పిచ్చుకలను కొట్టుట ఆ బాలునకు వినోదము. ఒకనాడు కూలిన పిచ్చుక గొంతుపై పసుపుపచ్చని మచ్చ కనబడెను. అది యేమి పిట్టయో ఇంటిలో ఎవరికిని తెలియలేదు. మేనమామ ఒక జాబు వ్రాసి యిచ్చి ఆతనిని బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు పంపెను. అచ్చటి కార్యదర్శి మిల్లార్డు దొర బాలుని ఆదరించి, పిట్ట పేరు చెప్పి, బీరువాలలో భద్రపరచిన పక్షుల నన్నింటిని చూపెను. భయపడుచు లోనికి పోయిన పిల్లవాడు వేరొక మనస్సుతో వెలికి వచ్చెను.

ఆ కాలమున పక్షులకు గొప్ప ఆపద వాటిల్లియుండెను. ఐరోపా స్త్రీల టోపీల అలంకారమునకై తెల్లకొంగల యీకలు ఎగుమతి యగుచుండెను. ఆ నాజూకైన యీకలు గూడు కట్టు ఋతువునందే మొలచును. కావున వేటగాండ్రు గూళ్లకడనే తల్లికొంగలను చంపెడివారు. పిల్లలు ఆకలితో చచ్చెడివి. 1902లో ప్రభుత్వము ఈకల ఎగుమతిని నిషేధించెను.

సలీం అలీ బ్రతుకుతెరువు మాత్రము సుగమముగా సాగలేదు. కొంతకాలము బర్మాలో వ్యాపారము చేసి నష్టపడెను. 1926లో బొంబాయిలోని వస్తుప్రదర్శనశాలలో చిన్న ఉద్యోగము దొరకెను. దానికి సెలవు పెట్టి జర్మనీకి పోయి, స్ట్రెసిమన్ అను పండితునికడ పక్షిశాస్త్రము అభ్యసించెను. 1930లో తిరిగి వచ్చుసరికి ఆ ఉద్యోగమే రద్దయి యుండెను. వేరొకరైనచో శాస్త్రమును విడిచి దుకాణము చూచుకొనెడివారే. ఆయన కిహీం గ్రామమున సముద్రతీరమున నివసించుచు, గిజిగాడు గూడు అల్లు విధమును నెలల తరబడి కనిపెట్టి చూచెను. మగపక్షియే గూళ్లు కట్టుననియు, ఒకదాని వెనుక నొకటిగా పలు ఆడపక్షులతో జతకూడుననియు ఆయన వెల్లడించెను.

పిమ్మట ఆయనకు ఒక ఆలోచన తోచెను. తనకు జీతము అక్కరలేదనియు, ప్రయాణముల ఖర్చులు, మకాముల ఖర్చులు భరించినచో రాజ్యములోని పక్షులనన్నింటిని పరిశీలించి పట్టిక సిద్ధపరతుననియు సంస్థానములకు తెలియజేసెను. నిజాము ప్రభుత్వము అంగీకరించెను. 1931-32లో భార్య తెహ్మీనా తోడురాగా ఆయన అడవులలో మకాములు వేసెను. మకాముల బాధ్యత యంతయు ఆమె వహించెను. పట్టణ సుఖములలో పెరిగిన ఆ యిల్లాలు గుడారములలో సంతోషముగా మసలుట చిన్న సంగతి కాదు. ఉట్నూరు అడవులు, అమ్రాబాదు పీఠభూమి మొదలగు చోట్ల తిరిగి పక్షులను సేకరించిరి. నాటి పద్ధతి ననుసరించి పరీక్షకై పక్షులను కాల్చవలసి వచ్చెడిది. పక్షిప్రేమికునకు ఇది తగునా యని కొందరు శంకించుట కలదు. కాని అవసరమునకు మించి కాల్చుట ఆయన కిష్టము లేదు. బ్రదికియున్న పక్షి నడవడియే ఆయనకు ముఖ్యము. సేకరించిన నమూనాలను ఇంగ్లండులో విస్లరు అను పండితుడు పరీక్షించి వివరములు చేర్చెను. ఆ నివేదిక 1933, 1934 సంవత్సరములలో ప్రకటింపబడెను.

1939లో తెహ్మీనా శస్త్రచికిత్స అనంతరము మరణించెను. ఆ దుఃఖము ఆయనను చాలకాలము వీడలేదు. 1941లో రంగుల బొమ్మలతో భారతీయ పక్షుల గ్రంథము వెలువడి ఇంటింట ఆయన పేరు నిలిపెను. రిప్లీ అను అమెరికా పండితునితో కూడి వ్రాసిన పది సంపుటముల మహాగ్రంథము 1968 మొదలు 1974 వరకు వెలువడెను.

రాజస్థానములోని భరత్‌పూరు చిత్తడినేలలలో కొంగలు వేలకొలదిగా తుమ్మచెట్లపై గూళ్లు కట్టును. అది రాజుల వేటస్థలము. 1938లో ఒక్కదినముననే 4,273 పక్షులు అచ్చట నేలకూలెను. స్వాతంత్ర్యానంతరము ఆ నేలను సాగునకు ఈయవలెనని రైతులు కోరిరి. వారి కోరికయు అన్యాయమైనది కాదు. అయినను సలీం అలీ నెహ్రూతో మొరపెట్టుకొని ఆ చిత్తడిని నిలిపెను. తరువాత అది జాతీయోద్యానమాయెను.

తెలుగునాటి కలివికోడి 1900 తరువాత ఎవరికిని కనబడక, నశించినదని తలపబడెను. బొంబాయి సంఘము వారు వెదకగా వెదకగా 1986 జనవరిలో కడప జిల్లా చిట్టడవులలో, రాత్రివేళ దీపపు వెలుగున అది దొరకెను. నాటికి సలీం అలీ వయస్సు 89 ఏండ్లు. మరుసటి సంవత్సరము జూన్ నెలలో ఆయన బొంబాయిలో కన్నుమూసెను.