వెలుగోటి యాచమనాయకుడు

క్రీ. శ. 1565 లో జరిగిన తళ్ళికోట యుద్ధముతో విజయనగర వైభవము సన్నగిల్లెను. అయినను సామ్రాజ్యము ఒక్కనాటితో నశింపలేదు. ఆరవీటి వంశపు రాజులు మొదట పెనుగొండ నుండియు, పిదప చంద్రగిరి, వేలూరు దుర్గముల నుండియు మిగిలిన రాజ్యమును పాలించిరి. వారిలో రెండవ వేంకటపతిరాయలు సమర్థుడు. ఆయన సేనానులలో వెలుగోటి యాచమనాయకుడు ప్రసిద్ధుడు. వెంకటగిరి సంస్థానాధీశులు ఈ వెలుగోటి వంశమువారే. యాచముడు 1601 లో ఉత్తరమేరూరు వద్ద జరిగిన యుద్ధమున జయమొంది కీర్తి గడించెను.

1614 లో వృద్ధుడైన వేంకటపతిరాయలు మరణించెను. మరణమునకు ముందు ఆయన తన సోదరుని కుమారుడైన శ్రీరంగరాయలను వారసునిగా నిర్ణయించెను. రాణి పుట్టింటివాడైన గొబ్బూరి జగ్గరాయనికి ఇది రుచింపలేదు. రాణి పెంచుచుండిన ఒక బాలుని రాజకుమారుడని చాటి, అతనికి పట్టము గట్టెను. శ్రీరంగరాయలను ఆలుబిడ్డలతో వేలూరు కోటలో బంధించెను. సామంతులనేకులు బలవంతునికి తలయొగ్గిరి. యాచమనికి సయితము ధనాశ చూపిరి. కాని అతడు తన ప్రభువు నిర్ణయమునే శిరసావహించెను.

కోటను ముట్టడించినచో లోపలివారి ప్రాణములకు ముప్పు. కావున యాచముడు ఉపాయము పన్నెను. కోటలోని బట్టలు ఉతుకు రజకుడొకడు శ్రీరంగరాయల రెండవ కుమారుడైన రాముని మైలబట్టల మూటలో దాచి, కావలివారి యెదుటనే వెలుపలికి తెచ్చెను. ఆ బాలునికప్పుడు పండ్రెండేండ్ల ప్రాయము. మూట విప్పి చూచినచో ఇరువురికిని మరణమే. రజకుడు ధైర్యము వీడక బాలుని యాచమనికి అప్పగించెను. తదుపరి జగ్గరాయని క్రౌర్యమునకు శ్రీరంగరాయలును, చెరలోనున్న ఆయన కుటుంబమువారును బలియైరి. ఆ రాజకుటుంబమున మిగిలినది ఈ బాలుడొక్కడే.

ఈ ఘోరము విని ప్రజలును, కొందరు సామంతులును జగ్గరాయని ఏవగించుకొనిరి. అంతర్యుద్ధము సాగెను. మధుర, జింజి నాయకులు జగ్గరాయని పక్షమును, కవియు వీరుడునైన తంజావూరు రఘునాథనాయకుడు యాచముని పక్షమును వహించిరి. కావేరీతీరమున తోపూరు వద్ద ఉభయసేనలును తలపడెను. జగ్గరాయడు రణరంగమున కూలెను. 1617 లో బాలుడు రామదేవరాయలను పేర పట్టాభిషిక్తుడయ్యెను. యుద్ధకాలమున దక్షిణదేశమందున్న బర్రాదాసు అను పోర్చుగీసు మతగురువు 1616 లో వ్రాసిన లేఖ వలన ఈ రాజకుటుంబపు విషాదగాథ మనకు తెలియవచ్చుచున్నది.

యాచమనికి దక్కిన ప్రతిఫలము మాత్రము స్వల్పమే. కొంతకాలమునకు రామదేవరాయలు జగ్గరాయని సోదరుడగు యతిరాజు కుమార్తెను వివాహమాడి, ఆ వంశముతో సంధి చేసికొనెను. అందువలన రాజునకును యాచమనికిని ఎడబాటు కలిగెను. సామ్రాజ్యమును చాలకాలము నిలువలేదు.

అయినను యాచముని ప్రయత్నము వ్యర్థమనరాదు. ఎల్లరును బలమును చూచి పక్షము మార్చుకొనుచుండగా అతడు ఇచ్చిన మాటను చూచి నిలిచెను. అతని పేరు చరిత్రలో నిలిచినది. మూటను మోసిన రజకుని పేరు మనకు తెలియదు. ఆ బాలుని ప్రాణములు నిలుపుటలో వారిరువురును సమానులే.