జాన్ పోస్టెల్

జోనథన్ బ్రూస్ పోస్టెల్ (ఆగష్టు 6, 1943 - అక్టోబరు 16, 1998) అమెరికాకు చెందిన కంప్యూటరు శాస్త్రవేత్త. అంతర్జాలములో పేర్ల, సంఖ్యల చిట్టాను దాదాపు మూడు దశాబ్దాలు నిర్వహించాడు. ఒకప్పుడు మన గ్రామాలలో భూముల లెక్కలకు కరణము ఎట్లా ఉండేవాడో, అంతర్జాలానికి ఇతడు అట్లాంటివాడు.

విద్య, ఉద్యోగము

ఇతడు కాలిఫోర్నియాలోని ఆల్టడీనాలో జన్మించాడు. లాస్ ఏంజిల్స్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో చదివి 1974లో డాక్టరేటు పొందాడు. 1969లో ఆర్పానెట్ తొలి కేంద్రము అక్కడే ఏర్పడగా, విద్యార్థిగా అందులో పనిచేశాడు. నాటి నుండి మరణించే వరకు ఆర్.ఎఫ్.సి. పత్రాలకు సంపాదకుడు. 1977లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు సమాచార శాస్త్రాల సంస్థలో చేరాడు.

పేర్ల వ్యవస్థ

తొలిరోజులలో కంప్యూటర్ల పేర్లన్నీ హోస్ట్స్ అనే ఒకే దస్త్రములో ఉండేవి. ప్రతి కేంద్రము దాని నకలు తెచ్చుకోవలసి వచ్చేది. నకలు పాతదైతే కొత్త కంప్యూటరు దొరికేది కాదు. పోస్టెల్ ఈ సమస్యను పాల్ మొకపెట్రిస్‌కు అప్పగించగా, 1983లో డొమైన్ నేమ్ సిస్టమ్ (డి.ఎన్.ఎస్.) రూపొందింది. 1984లో పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ కలిసి కామ్, ఎడ్యు వంటి పైస్థాయి పేర్లను, దేశాలకు రెండక్షరాల పేర్లను నిర్ణయించారు.

బుక్కరాయసముద్రం మండలం జంతలూరులోని ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయము వెబ్‌సైటు పేరు 'ఎ.సి. డాట్ ఇన్'తో ముగుస్తుంది. దానిని వెదికే సర్వరుకు రూట్ సర్వరు ముందుగా 'ఇన్' సర్వర్లను చూపుతుంది. అక్కడి నుండి ఒక్కొక్క మెట్టు దిగి ఆ పేరుకు బాధ్యత గల సర్వరును చేరాలి. సంఖ్యతో పిలిస్తే పలికే కంప్యూటరు పేరుతో పిలిస్తే పలకనప్పుడు, జవాబు ఏ మెట్టు వద్ద ఆగిందో చూడాలి. అంతకు ముందే తన యంత్రములోని హోస్ట్స్ దస్త్రాన్ని చూడటం మేలు. పాత పద్ధతికి మిగిలిన ఆనవాలు అది. అందులో తప్పు సంఖ్య ఉంటే పై మెట్లన్నీ సరిగా ఉన్నా ఫలితము ఉండదు.

1998 జనవరి వివాదము

అప్పట్లో మిగిలిన రూట్ సర్వర్లు, ప్రభుత్వ ఒప్పందముపై నెట్‌వర్క్ సొల్యూషన్స్ సంస్థ నడిపే 'ఎ' సర్వరు నుండి చిట్టాను తీసుకొనేవి. జనవరి 28న పోస్టెల్, ఇకపై తన సంస్థ కంప్యూటరు నుండి తీసుకొమ్మని ఎనిమిది సర్వర్ల నిర్వాహకులకు ఈ-మెయిలు పంపాడు. కేవలం ఆయన మాటపై వారు మారారు. చిట్టాలో ఒక్క అక్షరమూ మారలేదు గనుక వాడుకరులకు తేడా తెలియలేదు. అధ్యక్షుడు క్లింటన్ సలహాదారు ఐరా మాగజినర్ తీవ్రముగా అభ్యంతరపెట్టగా, ఇది పరీక్ష మాత్రమేనని చెప్పి పోస్టెల్ పాత ఏర్పాటును పునరుద్ధరించాడు. ఈ వివరణను అందరూ నమ్మలేదు. ఆ సెప్టెంబరులో ఈ బాధ్యతల కొరకు ఐకాన్ సంస్థ ఏర్పడింది.

మరణము

గుండె శస్త్రచికిత్స అనంతరము అక్టోబరు 16న లాస్ ఏంజిల్స్‌లో మరణించాడు. మిత్రుడు వింటన్ సెర్ఫ్ వ్రాసిన సంతాప వ్యాసము ఆర్.ఎఫ్.సి. 2468గా, పోస్టెల్ సంపాదకత్వము వహించిన ఆ పత్రాల వరుసలోనే చేరింది.