యుద్ధభూమికి వెళ్లిన డాక్టర్ సాబ్: ముఖ్తార్ అహ్మద్ అన్సారీ

డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ అంటే మనలో చాలామందికి కాంగ్రెస్ అధ్యక్షుడిగానో, జామియా మిల్లియా పెద్దగానో గుర్తు. ఆయన జీవితంలో ఒక ఏడెనిమిది నెలల ముచ్చట మాత్రం పెద్దగా ఎవరూ చెప్పుకోరు. హాస్పిటళ్ల మీద బాంబులు పడ్డాయన్న వార్తలు రోజూ వింటున్న ఈ కాలంలో ఆ ముచ్చట తప్పక తెలుసుకోవాలి.

అన్సారీ 1880లో ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని ఘాజీపూర్ జిల్లా యూసుఫ్‌పూర్‌లో పుట్టారు. తర్వాత ఆ కుటుంబం హైదరాబాద్ వచ్చేసింది. ఆయన డాక్టర్ చదువు మద్రాస్ మెడికల్ కాలేజీలో సాగింది. అప్పట్లో తెనాలి, బాపట్ల, రేపల్లె కుర్రాళ్లకు డాక్టర్ డిగ్రీ కావాలన్నా ఆ కాలేజీయే దిక్కు. మన గుంటూరు మెడికల్ కాలేజీ వచ్చింది 1946లో కదా! నిజాం ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అన్సారీ బ్రిటన్ వెళ్లారు. ఎం.డి., ఎం.ఎస్. పూర్తిచేసి లండన్‌లో లాక్ హాస్పిటల్, చేరింగ్ క్రాస్ హాస్పిటల్‌లో పనిచేశారు. 1910లో తిరిగొచ్చి ఢిల్లీలో ప్రాక్టీస్ పెట్టారు. పేరుకు పేరు, డబ్బుకు డబ్బు.

1912లో బాల్కన్ యుద్ధం మొదలైంది. బల్గేరియా, సెర్బియా, గ్రీస్, మాంటెనెగ్రో ఒకవైపు, ఉస్మానియా సామ్రాజ్యం ఇంకోవైపు. గాయపడ్డ టర్కీ సైనికులకు వైద్యం చేయడానికి మన దేశం నుంచి ఒక మెడికల్ మిషన్ పంపాలని మౌలానా మహమ్మద్ అలీ తన కామ్రేడ్ పత్రికలో పిలుపునిచ్చారు. జనం చందాలిచ్చారు. మిషన్‌కు నాయకుడు అన్సారీ.

అయితే మందుల పెట్టెలు సర్దుకుని ఓడెక్కితే సరిపోదు. 1906 జెనీవా ఒప్పందం ప్రకారం, యుద్ధంలో లేని దేశపు సహాయ సంఘం రణరంగంలోకి రావాలంటే రెండు అనుమతులు కావాలి. ఒకటి సొంత ప్రభుత్వానిది, రెండోది ఏ సైన్యానికి సాయం చేస్తుందో ఆ దేశానిది. అప్పటికి మన సర్కారు బ్రిటిష్‌వాళ్లదే, ఆ యుద్ధంలో బ్రిటన్ తటస్థంగా ఉంది. అనుమతులు దొరికాక 1912 డిసెంబరులో మిషన్ బయల్దేరింది. చదువు పక్కనపెట్టి వచ్చిన అలీగఢ్ విద్యార్థులు కూడా అందులో ఉన్నారు. వాళ్లలో పెషావర్‌కు చెందిన అబ్దుర్ రహమాన్ టర్కీలోనే ఉండిపోయి, తర్వాత కాబూల్‌లో ఆ దేశపు రాయబారి అయ్యారు.

అక్కడ మిషన్‌కు అండ హిలాల్-ఎ-అహ్మర్, అంటే ఎర్ర నెలవంక సంఘం. రెడ్‌క్రాస్ బదులు ఎర్ర నెలవంక వాడతామని ఉస్మానియా ప్రభుత్వం 1876లోనే ప్రకటించింది. ఒప్పందంలో ఆ గుర్తుకు చోటు దక్కడానికి మాత్రం 1929 దాకా ఆగాల్సొచ్చింది.

గాయపడ్డ సైనికులకు వైద్యం చేస్తూనే అన్సారీ ఇంకో దుఃఖం చూశారు. బాల్కన్ ఊళ్ల నుంచి ముహాజిర్లు తండోపతండాలుగా ఇస్తాంబుల్‌కు వచ్చిపడ్డారు. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. ఉన్న ఇల్లు పోయింది, వెళ్లే ఇల్లు లేదు. ఆ యుద్ధంలో అన్ని పక్షాలూ సామాన్యుల మీద దారుణాలు చేశాయని తర్వాత కార్నెగీ కమిషన్ తేల్చింది. జెనీవా ఒప్పందం గాయపడ్డ సైనికుడికి, డాక్టరుకు రక్షణ ఇచ్చింది గానీ, తుపాకీ పట్టని రైతుకు, అతని భార్యాబిడ్డలకు ఇవ్వలేదు. ముహాజిర్లకు అనతోలియాలో భూములిచ్చి ఊరు కట్టించాలని అన్సారీ ఆలోచన చేశారు. అది నెరవేరలేదు. 1913 జూలైలో మిషన్ తిరిగొచ్చింది.

ఆ తర్వాతి జీవితం చాలావరకు తెలిసిందే. 1920లో వైస్రాయ్‌ను కలిసిన ఖిలాఫత్ ప్రతినిధి బృందానికి ఆయనే నాయకుడు. 1927లో మద్రాసు కాంగ్రెస్ అధ్యక్షుడు. 1928 నుంచి చనిపోయేదాకా జామియా ఛాన్సలర్. దరియాగంజ్‌లో ఆయన ఇంటి పేరు దారుస్సలాం, అంటే శాంతి నిలయం. 1936 మే 10న రైలు ప్రయాణంలో గుండె ఆగి కన్నుమూశారు. జామియా ఆవరణలోనే ఖననం చేశారు.

యుద్ధంలో సామాన్య జనం రక్షణ కోసం ప్రత్యేకంగా నాలుగో జెనీవా ఒప్పందం వచ్చింది 1949లో. అంటే అన్సారీ పోయిన 13 ఏళ్లకు, ఇస్తాంబుల్ వీధుల్లో ఆయన ముహాజిర్లను చూసిన 36 ఏళ్లకు. ఈలోగా రెండు ప్రపంచ యుద్ధాలు జరిగిపోయాయి. మన పార్లమెంటు 1960లో జెనీవా ఒప్పందాల చట్టం చేసింది.

ఆ చట్టం సంగతి మన ఊళ్లకూ వర్తిస్తుంది. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో క్లినిక్ బోర్డు మీదో, మందుల షాపు మీదో, డాక్టర్ గారి కారు అద్దం మీదో తెల్లటి మీద ఎర్ర ప్లస్ కనిపిస్తే అది వైద్యం గుర్తని అనుకుంటాం. కానే కాదు. వీళ్ల మీద దాడి చేయొద్దు అని యుద్ధంలో సైన్యాలకు చెప్పే గుర్తు అది. కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా సొంతానికి వాడితే చట్టరీత్యా నేరం. ఎర్ర నెలవంకకూ ఇదే రూలు. ఎక్కడపడితే అక్కడ కనిపించే గుర్తుకు విలువ తగ్గుతుంది. అన్సారీ లాంటి డాక్టరు తుపాకుల మధ్య గుడారం వేసుకున్న రోజున, ఆయనకూ ఆయన పేషెంట్లకూ ఉండే రక్షణ ఆ విలువ ఒక్కటే.