ముగ్గురు షహజాదాలు, ఒక తుపాకీ: మేజర్ హడ్సన్ కథ

ఢిల్లీలో బహదూర్ షా జఫర్ మార్గ్ మీద, ఫిరోజ్ షా కోట్లా దగ్గర ఒక పాత రాతి దర్వాజా ఉంది. షేర్ షా సూరీ కాలం నాటిదని చెబుతారు. జనం దాన్ని ఖూనీ దర్వాజా అంటారు. 1857 సెప్టెంబర్ 22న ముగ్గురు మొగల్ షహజాదాలు ప్రాణాలు వదిలింది అక్కడే. కాల్చినవాడు విలియం హడ్సన్ అనే ఇంగ్లీషు రిసాలా అధికారి. అతను వీరుడా, హంతకుడా అన్న గొడవ ఇంగ్లండులోనే దశాబ్దాల పాటు నడిచింది.

హడ్సన్ 1821లో పుట్టాడు. తండ్రి పాదిరి. రగ్బీ స్కూల్లో, తర్వాత కేంబ్రిడ్జ్‌లో చదివాడు. ఆ రోజుల్లో ఇంత చదివి కంపెనీ ఫౌజులో చేరినవాళ్లు తక్కువే. 1845లో హిందుస్తాన్ వచ్చీ రాగానే మొదటి సిక్కు యుద్ధంలో దిగాడు. ఆ తర్వాత పెషావర్ సరిహద్దులో కొత్తగా పెట్టిన గైడ్స్ దళంలో చేరి, 1852 నాటికి దానికి కమాండెంట్ అయ్యాడు. యూసఫ్‌జయ్ పఠాన్ల ఇలాకా పాలన కూడా అతని చేతికే వచ్చింది. గుర్రపు స్వారీ, కత్తి యుద్ధం, గూఢచర్యం, మూడింట్లోనూ దిట్ట.

చిక్కంతా లెక్కల దగ్గర వచ్చింది. దళం ఖాతాల్లో డబ్బు తేడా ఉందని 1855లో విచారణ కమిటీ అతని తప్పు పట్టింది. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి. యూసఫ్‌జయ్ సర్దార్ ఖాదర్ ఖాన్‌ను, కొడుకుతో సహా, నెలల తరబడి జైల్లో ఉంచాడు. అదాలత్‌లో ఖాదర్ ఖాన్ నిర్దోషిగా బయటపడ్డాడు. హడ్సన్ పదవి పోయింది. తర్వాత రెనెల్ టేలర్ అనే మేజర్ అవే ఖాతాలు మళ్లీ చూసి అతనికి అనుకూలంగా రాశాడు గానీ, పోయిన పరువు అంత తొందరగా తిరిగి రాలేదు.

1857 తిరుగుబాటు అతనికి రెండో అవకాశం ఇచ్చింది. కర్నాల్ నుంచి మీరట్‌కు, శత్రువుల మధ్యగా గుర్రం మీద వెళ్లి కబురు తెచ్చి పేరు సంపాదించాడు. తన పేరుతోనే ఒక రిసాలా తయారు చేశాడు. అందులో సిక్కులున్నారు, పంజాబీ ముసల్మానులు, పఠాన్లు కూడా ఉన్నారు. ఢిల్లీ ముట్టడిలో గూఢచారి విభాగం అతనిదే. మౌల్వీ రజబ్ అలీ అతని కుడిభుజం. రాజకుటుంబానికే వియ్యంకుడైన మీర్జా ఇలాహీ బఖ్ష్ లోపలి కబుర్లు అందించేవాడు. ఇంటి గుట్టు బయటికి పోయాక కోట నిలుస్తుందా?

ఢిల్లీ పడిపోయాక బాద్‌షా బహదూర్ షా జఫర్ హుమాయూన్ మక్బరాలో తలదాచుకున్నాడు. ప్రాణాలకు హామీ ఇచ్చి, ఎనభై దాటిన ఆ ముసలాయన్ను హడ్సన్ సెప్టెంబర్ 21న పట్టుకున్నాడు. మర్నాడు నూరు మంది సవార్లతో మళ్లీ వెళ్లాడు. ఈసారి లోపల ఉన్నది బాద్‌షా కొడుకులు మీర్జా మొగల్, మీర్జా ఖిజ్ర్ సుల్తాన్, మనవడు మీర్జా అబూ బక్ర్. వాళ్లూ ప్రాణాలకు హామీ అడిగారు. హడ్సన్ ఇవ్వనన్నాడు. చివరికి షరతు లేకుండానే బయటికొచ్చారు.

వాళ్లను బండిలో ఎక్కించి, కొద్దిమంది సవార్ల పహారాతో ఊరి వైపు పంపాడు. తాను మక్బరా దగ్గరే ఉండి, అక్కడున్న వేల మంది చేత ఆయుధాలు కింద పెట్టించాడు. కత్తులు, తుపాకులు వందల లెక్కన పోగయ్యాయి. తర్వాత గుర్రాన్ని పరిగెత్తించి బండిని అందుకున్నాడు. షహజాదాలను దించి, పై బట్టలు విప్పించి, ఒక సవారు చేతిలోని తుపాకీ తీసుకుని ముగ్గుర్నీ తనే కాల్చాడు. వేళ్ల ఉంగరాలు, దండకడియాలు, కత్తులు తీసుకున్నాడు. శవాలను చాందినీ చౌక్ కొత్వాలీ ముందు పడేయించాడు. తలలు నరికి పళ్లెంలో పెట్టి బాద్‌షాకు పంపారన్న కథ ఒకటుంది. అది తర్వాత పుట్టిన మాటే. జరిగిన దారుణం ఆ కథ లేకుండానే చాలు.

జనం గుమిగూడి బండి మీద పడబోయారని, కాల్చకపోతే ఖైదీలు చేజారేవారని హడ్సన్ సంజాయిషీ. కానీ కాసేపటి క్రితం ఆయుధాలు అప్పగించిన జనం అంత భయపెట్టారంటే నమ్మడం కష్టం. నిరాయుధులై లొంగిపోయినవాళ్లను విచారణ లేకుండా చంపడానికి ఏ చట్టమూ లేదు. అప్పుడు పక్కనున్న లెఫ్టినెంట్ మక్‌డవెల్ నాలుగు నెలలకే షంసాబాద్ పోరులో చనిపోయాడు. హడ్సన్‌ను అడిగే వ్యవధీ ఎవరికీ దొరకలేదు.

1858 మార్చి 11న లక్నో బేగం కోఠీలో ఒక గది గుమ్మం దగ్గర అతనికి తూటా తగిలింది. మర్నాడు పోయాడు. లా మార్టినియర్ ఆవరణలో సమాధి చేశారు. దోపిడీకి వెళ్లి చచ్చాడని కొందరన్నారు. తర్వాత సేనాధిపతి అయిన రాబర్ట్స్ అది అబద్ధమని రాశాడు. హడ్సన్ సోదరుడు, పాదిరి, అతని ఉత్తరాలను 1859లో పుస్తకంగా వేసి వీరుణ్ణి చేశాడు. 1883లో బోస్వర్త్ స్మిత్, జాన్ లారెన్స్ జీవితచరిత్ర రాస్తూ పాత లెక్కలన్నీ తిరగదోడాడు. గైడ్స్ ఖాతాలు, ఖాదర్ ఖాన్, ఇంకా రోహ్‌తక్ వైపు ఖర్ఖౌదాలో హడ్సన్ చంపించిన రిసాల్దార్ బిషారత్ అలీ. ఆ రిసాల్దార్‌కు హడ్సన్ బాకీ ఉన్నాడన్న మాట అప్పట్లోనే పాకింది. ఈ వాదనల్లో ఎక్కువ కాగితం డబ్బు మీదే ఖర్చయింది. షహజాదాల నెత్తురు చాలామంది ఇంగ్లీషువాళ్లకు రెండో విషయమే.

బహదూర్ షా 1862లో రంగూన్‌లో కన్నుమూశాడు. హడ్సన్ భార్యకు హాంప్టన్ కోర్ట్ మహల్లో నివాసం ఇచ్చారు. అతని రిసాలా 1947 తర్వాత భారత సైన్యానికి వచ్చింది. గుర్రాలు పోయి ట్యాంకులు వచ్చాయి, 1965లో సియాల్‌కోట్ వైపు పోరాడింది కూడా. దళం పేరు ఇప్పటికీ హడ్సన్స్ హార్స్.