పచ్చికబయళ్ళ పండితుడు జాన్ వీవరు

వృక్షములను గూర్చియు, పుష్పములను గూర్చియు పాడిన కవులు పెక్కుమంది కలరు. కాలిక్రింద నలిగెడు గడ్డిని గూర్చి తలపోసినవారు అరుదు. ఆ గడ్డి వేళ్ళు నేలలోనికి ఎంతలోతు పోవునో, అచట అవి చేయు పని యేమో తెలిసికొనుటకు జీవితమంతయు ధారపోసిన శాస్త్రజ్ఞుడు జాన్ ఎర్నెస్టు వీవరు.

ఉత్తర అమెరికా మధ్యభాగమున ప్రెయిరీలను విశాలమైన పచ్చికబయళ్ళు ఒకప్పుడు వ్యాపించి యుండెను. వాని తూర్పుభాగమున గడ్డి మనిషి యెత్తును మించి పెరుగుచుండెను. అచటి నేల నల్లనిది. పలుచోట్ల బంకమన్ను హెచ్చుగా గలది. వేలకొలది సంవత్సరములు గడ్డివేళ్ళు క్రుళ్ళి మన్నులో కలియుటచేతనే దానికి ఆ నలుపును, ఆ సారమును అబ్బెను. మొదట వచ్చిన వలసవారి పోతయినుప నాగళ్ళకు ఆ జిగటమన్ను అంటుకొని సేద్యము సాగనీయకుండెను. 1837లో జాన్ డీర్ అను కమ్మరి నునుపైన ఉక్కుతో నాగలి చేసెను. మన్ను దానికి అంటక జారిపోవుచుండెను. పానీ, ఓటో మొదలగు స్థానిక జాతులవారు తమ సీమను కోల్పోయిరి. 1862లో సేద్యము చేయ నెంచినవారికి 160 ఎకరముల చొప్పున భూమి నిచ్చు చట్టము వెలువడెను. ఒక తరము కాలములోనే పచ్చికబయళ్ళు మొక్కజొన్న చేలుగను, గోధుమ చేలుగను మారిపోయెను. ఆ ఎత్తుగడ్డి సీమలో నేడు నూటికి నాలుగు పాళ్ళయినను మిగిలి యుండలేదు. రైలుమార్గముల ప్రక్కను, పాత శ్మశానవాటికలలోను, ఎండుగడ్డి కొరకు దున్నక విడిచిన పొలములలోను తునుకలు మాత్రమే నిలిచినవి.

వీవరు 1884లో అయోవా రాష్ట్రమందలి విల్లిస్కా అను చిన్న ఊరిలో జన్మించెను. నెబ్రాస్కా విశ్వవిద్యాలయమున చదివి 1909లో పట్టము పొందెను. చార్లెస్ బెస్సీ అను ఆచార్యుని వలన ఆ విద్యాలయము వృక్షశాస్త్రమునకు పేరొందియుండెను. వీవరు కొంతకాలము వాషింగ్టన్ రాష్ట్రమున బోధించి, 1915లో నెబ్రాస్కాకు తిరిగివచ్చెను. 1952లో పదవి విరమించువరకు లింకన్ నగరమే ఆయనకు కార్యస్థానమయ్యెను.

వృక్షశాస్త్రజ్ఞులు అప్పటికి ఆకును, పూవును, గింజను చక్కగా పరిశీలించి యుండిరి. నేలలోపల దాగిన భాగమును చూచినవారు కొద్దిమందియే. మొక్కను పెరికిన వేళ్ళు తెగిపోవును. తెగిన వేరు సత్యమును చెప్పదు. అందుచే వీవరు పలుగును పారను చేపట్టెను. మొక్క ప్రక్కను మనిషి లోతు కందకము త్రవ్వించి, అందులోనికి దిగి, చిన్న పనిముట్టుతో మన్నును కొంచెము కొంచెముగా రాల్చుచు ఒక్కొక్క వేరును బయలుపరచుచుండెను. వేరు బయటపడినంతమేర కొలిచి గళ్ళ కాగితముపై గీయుచుండెను. ఎండలో బంకమన్ను రాయివలె గట్టిపడును. వానలో అడుసై కాళ్ళకు చుట్టుకొనును. అట్టి నేలలో ఇది మిక్కిలి ఓర్పుతో కూడిన పని.

ఆయన కనుగొనిన విషయములు పండితులను ఆశ్చర్యపరచెను. పెద్ద నీలికాడ గడ్డి మన జొన్న, చెరకు, వట్టివేరులతో ఒకే తెగకు చెందినది. దాని వేళ్ళు ఏడడుగులు, అంతకు మించియు దిగియుండెను. చిన్న నీలికాడ గడ్డి వేళ్ళు సుమారు అయిదడుగులకు చేరెను. సీసపు మొక్క యని అచటివారు పిలుచు చిక్కుడు జాతి పొద పొట్టిది. దాని వేరు పదునారడుగులు దిగియుండెను. పైన కనబడు పచ్చిక కంటె క్రింద దాగిన పచ్చికయే గొప్పదని ఆయన గ్రహించెను.

పచ్చికబయలు ఒక్క గడ్డి కాదనియు, అనేక మొక్కలు కూడి బ్రతుకు సంఘమనియు ఆయన నిరూపించెను. మెట్టచోట్ల చిన్న నీలికాడ గడ్డియు, దిగువ తేమనేలల పెద్ద నీలికాడ గడ్డియు, నీరు నిలుచు పల్లములలో మోటు జాతి గడ్డియు ప్రబలుచుండెను. ఒకేచోట నున్న మొక్కలును వేర్వేరు లోతులనుండి నీరు త్రాగుచుండెను. ఒకటి వసంతమునను, వేరొకటి వేసవి చివరను పూచుచుండెను. అందువలన అవి ఇరుకుచోట నుండియు ఒకదాని నొకటి నశింపజేయక మనగలిగెను.

ఆయన విద్యకు కఠిన పరీక్షా కాలము 1934లో వచ్చెను. ఘోరమైన అనావృష్టి సంభవించెను. పడమటి సీమల దున్నిన పొలములనుండి మన్ను మేఘములై లేచి తూర్పుతీరపు నగరములవరకు పోయెను. వీవరు ఏటేట పటములు గీసి లెక్కించుచున్న బయళ్ళలోనే గడ్డి మాడిపోయెను. చిన్న నీలికాడ గడ్డి మెట్టలపై పలుచోట్ల కుదుళ్ళకు కుదుళ్ళు చచ్చెను. తాను కుదురు కుదురుగా ఎరిగిన బయలు కన్నులయెదుట నశించుచుండగా ఆయన పని మానలేదు. చచ్చినదానిని, బ్రతికినదానిని వేరువేరుగా లెక్కించెను. లోతుగా వేరు దిగిన మొక్కలు పెక్కు నిలిచెను. ఖాళీయైన చోట్లను పడమటి సీమకు చెందిన వేరొక గడ్డి ఆక్రమించెను. దున్నని నేలను మాత్రము వేళ్ళు కదలనీయలేదు.

1935లో ఆయన పచ్చికబయలునందును, పశువులు మేసిన బీడునందును, దున్నిన పొలమునందును వాననీటితో కొట్టుకొనిపోవు మన్నును సరిపోల్చి ప్రకటించెను. గడ్డి నిండుగా నున్నచోట నష్టము స్వల్పము, దున్నినచోట అధికము. వానలు మరలినపిదప, చచ్చినవని తోచిన కొన్ని కుదుళ్ళు వేరు మొదళ్ళనుండి చిగురించెను. అయినను బయలు పూర్వరూపము పొందుటకు పెక్కు సంవత్సరములు పట్టెను. నాగలి పడి వేరు సమసిన చోట ఆ సంఘము తనంతట తాను మరల కూడుట దుర్లభము.

వీవరు తన పరిశోధనల సారమును 1954లో ఉత్తర అమెరికా ప్రెయిరీని గూర్చిన గ్రంథముగా వెలువరించెను. 1966లో లింకన్ నగరమున మరణించెను. ఆయన చివరి గ్రంథము 1968లో అచ్చయ్యెను. నగరమునకు వాయవ్యమున ఆయనయు శిష్యులును పరిశోధించిన బయలు ఒకటి కలదు. నగర మధ్యమునుండి అయిదు మైళ్ళు పడమరకును, నాలుగు మైళ్ళు ఉత్తరమునకును పోవలసియుండుటచే దానిని తొమ్మిదిమైళ్ళ ప్రెయిరీ యందురు. ఒకప్పుడు సుమారు 800 ఎకరములున్న ఆ బయలు 230 ఎకరములకు తగ్గెను. 1983లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయపు నిధిసంస్థ దానిని కొనుటచే నాగలివాత పడక నిలిచెను. విద్యార్థులు నేటికిని అచట వీవరు అడుగుజాడలలో పరిశోధించుచున్నారు.

దారిన పోవువానికి అది ఉత్త గడ్డిబీడు. ఆ బీడు క్రింద నేలను పట్టి నిలుపు వేళ్ళు ఎన్ని కలవో వీవరు త్రవ్వి చూపెను. పైకి అల్పముగా తోచుదానిని తెలిసికొనక త్రోసివేయరాదని ఆయన జీవితము మనకు బోధించుచున్నది.