న్యూయార్క్ సబ్‌వేను 12 రోజులు ఆపేసిన మైక్ క్విల్ ఎవరు?

1966 జనవరి 1 తెల్లవారుజామున న్యూయార్క్‌లో సబ్‌వే రైళ్లు, దాదాపు అన్ని సిటీ బస్సులు ఆగిపోయాయి. చాలామంది ఆఫీసులకు నడిచే వెళ్లారు. ఆ సమ్మెకు నాయకుడు మైక్ క్విల్.

ఐర్లాండ్‌లోని కెర్రీ కౌంటీలో 1905లో పుట్టిన క్విల్, 1926లో న్యూయార్క్ వచ్చారు. సబ్‌వే స్టేషన్‌లో టికెట్ కౌంటర్ ఉద్యోగం దొరికింది. రోజుకు 12 గంటలు, వారానికి ఏడు రోజులూ డ్యూటీయే. అప్పట్లో రైళ్లు నడిపేది ప్రైవేటు కంపెనీ. యూనియన్ అంటే ఉద్యోగం ఊడే రోజులవి. అయినా 1934లో తోటి కార్మికులతో కలిసి ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ యూనియన్‌ను స్థాపించారు. తర్వాత దానికి అధ్యక్షుడయ్యారు.

ప్రైవేటు లైన్లను 1940లో నగర ప్రభుత్వం కొనేసింది. ప్రభుత్వ ఉద్యోగుల సమ్మె చట్టవిరుద్ధం. అందుకే 1966లో కోర్టు సమ్మె వద్దంది. ఆ ఉత్తర్వులను క్విల్ టీవీ కెమెరాల ముందే చించేశారు. జనవరి 4న జైలుకెళ్లారు. గుండె జబ్బుతో కొద్ది గంటల్లోనే ఆసుపత్రి పాలయ్యారు.

జీతాల పెంపుతో సమ్మె ముగిసింది. క్విల్ మాత్రం జనవరి 28న, 60 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మరుసటి ఏడాదే న్యూయార్క్ రాష్ట్రం టేలర్ చట్టం తెచ్చింది. ప్రభుత్వ ఉద్యోగుల యూనియన్లతో యాజమాన్యం చర్చలు జరపాల్సిందే. ఉద్యోగులు మాత్రం సమ్మె చేయకూడదు. చేస్తే, ఇప్పుడున్న నిబంధన ప్రకారం, ఒక్కో రోజుకు రెండు రోజుల జీతం కోత.